సంతకం ప్రభుత్వానిది, టికెట్ పార్టీది

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయాన్ని వేర్వేరు వైపుల నుంచి పట్టుకున్నాయి. రాజకీయాల్లో స్త్రీలకు సమాన స్థానం కల్పిస్తామని ప్రపంచ దేశాలు ఇచ్చిన మాటలకూ చట్టసభల్లో కనిపిస్తున్న సంఖ్యలకూ మధ్య ఇంత దూరం ఎందుకున్నదన్నదే ఆ విషయం. వాటిలో నుంచి ఆరు ప్రశ్నలను ఎంచుకున్నాము.

ప్రశ్న: మహిళలకు రాజకీయాల్లో సమాన అవకాశం ఇస్తామని దేశాలన్నీ ఎప్పుడో ఒప్పుకున్నాయని తరగతిలో చెప్పారు. ఆ ఒప్పుకోలు ఏయే పత్రాల్లో ఉంది? దానికి కట్టుబడి తీరవలసిందేనా, లేక అది సభల్లో చదివి పక్కన పెట్టే తీర్మానమా?
– ఒక రాజనీతిశాస్త్ర విద్యార్థిని

జవాబు: రెండు రకాలూ ఉన్నాయి, రెండింటినీ కలిపి మాట్లాడటం వల్లనే ఈ విషయంలో చాలా అయోమయం ఏర్పడింది. ఓటు వేయడంలో, ఎన్నికల్లో పోటీ చేయడంలో, ప్రభుత్వ పదవులు నిర్వహించడంలో స్త్రీపురుషులకు సమాన హక్కు ఉంటుందని చెప్పిన మహిళల రాజకీయ హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ 1952లోనే ఆమోదించింది. దానికంటే విస్తృతమైనది, 1979 డిసెంబరు 18న ఆమోదం పొంది 1981 సెప్టెంబరు 3 నుంచి అమల్లోకి వచ్చిన, మహిళలపై అన్ని రకాల వివక్షనూ నిర్మూలించే ఒడంబడిక. దాన్నే పొడి అక్షరాలతో సీడా అంటారు. ఇందులో 189 దేశాలు భాగస్వాములు. అమెరికా మాత్రం 1980లో సంతకం చేసి, ఇంతవరకూ ధ్రువీకరించకుండా వదిలేసింది. ఈ ఒడంబడిక ఏడో అధికరణం రాజకీయ, ప్రజా జీవితంలో వివక్షను తొలగించమంటుంది. ఏడో అధికరణాన్ని అందరూ ఉదహరిస్తారు గాని, నా దృష్టిలో అంతకంటే పదునైనది నాలుగోది. సమానత్వాన్ని త్వరగా సాధించడానికి తీసుకొనే తాత్కాలిక ప్రత్యేక చర్యలను వివక్షగా భావించరాదని అది స్పష్టంగా చెబుతుంది కాబట్టి, కోటాలను, రిజర్వేషన్లను సమర్థించే అంతర్జాతీయ ఆధారం అక్కడే ఉంది. ధ్రువీకరించిన దేశాలకు ఈ ఒడంబడికలు చట్టబద్ధమైన బాధ్యతలు.

రెండో రకానివి రాజకీయ వాగ్దానాలు. నిర్ణయాధికారం ఉన్న స్థానాల్లో 1995 నాటికి 30 శాతం స్త్రీలు ఉండాలని 1990లో ఐక్యరాజ్య సమితి ఆర్థిక, సామాజిక మండలి పెట్టిన లక్ష్యం, 1995 సెప్టెంబరులో బీజింగ్‌లో జరిగిన ప్రపంచ మహిళా సదస్సులో 189 దేశాలు ఆమోదించిన కార్యాచరణ వేదిక, 2030 నాటికి అన్ని స్థాయుల నాయకత్వంలోనూ సమాన అవకాశాలు కల్పించాలన్న సుస్థిరాభివృద్ధి లక్ష్యం 5.5 ఈ కోవలోకి వస్తాయి. వీటిని పాటించకపోతే ఏ న్యాయస్థానమూ పిలిపించి అడగదు. సీడాకు సైతం తనిఖీ ఉంది గాని శిక్ష లేదు. దేశాలు సాధారణంగా నాలుగేళ్లకోసారి నివేదిక పంపాలి, 23 మంది నిపుణుల కమిటీ దాన్ని చదివి, ప్రభుత్వ ప్రతినిధులను ఎదురుగా కూర్చోబెట్టుకొని ప్రశ్నించి, వ్యాఖ్యలు రాసి పంపుతుంది. ఆ కమిటీ 2024 అక్టోబరులో వెలువరించిన 40వ సాధారణ సిఫార్సులో, 30 శాతంతో తృప్తి పడే రోజులు పోయాయని, నిర్ణయాధికార వ్యవస్థలన్నింటిలో సగానికి సగం ఉండటమే ప్రమాణమని తేల్చింది.

ప్రశ్న: బీజింగ్ సదస్సు జరిగి మూడు దశాబ్దాలు గడిచాయి. ఆ రోజుల్లో వార్తలు చదివి, నా జీవితకాలంలోనే చట్టసభల్లో సగం మంది స్త్రీలను చూస్తాననుకున్నాను. నడక ఇంత నెమ్మదిగా ఎందుకు సాగింది? లోపం ప్రభుత్వాలకు చిత్తశుద్ధి లేకపోవడమేనా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, మీ నిరాశకు లెక్కల్లోనే ఆధారం ఉంది. వివిధ దేశాల పార్లమెంటుల ఉమ్మడి సంస్థ అయిన అంతర్ పార్లమెంటరీ యూనియన్ లెక్కల ప్రకారం ప్రపంచ పార్లమెంటుల్లో స్త్రీల వాటా 1995లో 11.3 శాతం ఉండగా 2025 జనవరి నాటికి 27.2 శాతానికి చేరింది. ముప్ఫై ఏళ్లలో పెరిగినది దాదాపు 16 శాతం పాయింట్లు. ఇదే వేగంతో వెళితే సగానికి చేరడానికి ఇంకా నలభై ఏళ్లకు పైగానే పడుతుంది.

అయితే లోపమంతా చిత్తశుద్ధిలోనే ఉందని నేను అనుకోను. చిత్తశుద్ధిని కొలిచే తూనిక మన దగ్గర లేదు, చట్టంలోని ఖాళీని మాత్రం వేలు పెట్టి చూపించవచ్చు. అంతర్జాతీయ ఒడంబడిక మీద సంతకం పెట్టేది ప్రభుత్వం. అభ్యర్థిని నిలబెట్టేది మాత్రం పార్టీ. ఒడంబడికలో పార్టీ భాగస్వామి కాదు, దాని పేరు అందులో ఎక్కడా లేదు, జెనీవాలో సీడా కమిటీ ముందు కూర్చుని జవాబు చెప్పేది పార్టీ అధ్యక్షుడు కాదు. ఏ ఊరి నుంచి ఎవరు నిలబడాలి, జాబితాలో ఎవరి పేరు ముందు, ఎవరిది వెనక అన్నది నలుగురైదుగురు పెద్దలు ఒక గదిలో కూర్చుని తేలుస్తారు. ప్రపంచస్థాయి వాగ్దానం ఆ గది గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది. దాన్ని గుమ్మం దాటించిన దేశాలే ముందుకు వెళ్లాయి.

కోస్టా రికా అనుభవం దీనికి మంచి ఉదాహరణ. అభ్యర్థుల్లో కనీసం 40 శాతం స్త్రీలు ఉండాలని ఆ దేశం 1996లో చట్టం చేసింది. అక్కడ పార్టీలు వరుస సంఖ్యలతో జాబితాలు ఇస్తాయి, వచ్చిన ఓట్ల దామాషాను బట్టి జాబితా పైనుంచి కొందరు గెలుస్తారు. చట్టం శాతం చెప్పిందే గాని వరుస చెప్పలేదు. పార్టీలు 40 శాతం పేర్లు రాశాయి, వాటిలో ఎక్కువ భాగం గెలుపు అందని అడుగు భాగంలో రాశాయి. 1998 ఎన్నికల్లో శాసనసభలో స్త్రీలు 19 శాతం దగ్గరే ఆగారు. ఆ మరుసటి ఏడాది ఎన్నికల అత్యున్నత ట్రైబ్యునల్ కలగజేసుకొని, ఆ 40 శాతం గెలిచే వీలున్న స్థానాల్లోనే ఉండాలని తీర్పు చెప్పడంతో 2002లో ఆ వాటా 35 శాతానికి చేరింది. చట్టం మారలేదు, దాని అర్థాన్ని తేల్చి చెప్పే అధికారం ఉన్నవారు నోరు విప్పారు, అంతే. 1991లోనే కోటా చట్టం చేసిన అర్జెంటీనా, గెలిచే వీలున్న స్థానాలన్న షరతును మొదటి నుంచీ చట్టంలోనే రాసుకొని ఈ చిక్కును కొంతవరకు ముందే తప్పించుకుంది.

ఉల్లంఘనకు ఏం జరుగుతుందన్నది తర్వాతి మెట్టు. ఫ్రాన్సు ఒకే చట్టంతో రెండు ప్రయోగాలు చేసినట్టయింది. 2000 నాటి సమ ప్రాతినిధ్య చట్టం ప్రకారం, 3,500 జనాభా దాటిన పట్టణాల మున్సిపల్ ఎన్నికల్లో సగం మంది స్త్రీలు లేని జాబితాను అప్పట్లో అసలు స్వీకరించేవారు కాదు. జాతీయ అసెంబ్లీ ఎన్నికల్లో మాత్రం అలాంటి పార్టీకి ప్రభుత్వం ఇచ్చే నిధుల్లో కోత పడుతుంది. ఫలితంగా 2001లో ఆ పట్టణాల కౌన్సిళ్లలో స్త్రీలు 47 శాతం దాటారు. జాతీయ అసెంబ్లీలో 1997లో 10.9 శాతంగా ఉన్న వాటా 2002లో 12.3కే చేరింది, ఎందుకంటే పెద్ద పార్టీలు కోతను భరించి తమ పాత అభ్యర్థులనే నిలబెట్టుకున్నాయి. జరిమానాను అవి శిక్షగా చూడలేదు, ధరగా చూశాయి. అలాగని నిధుల కోత ఎప్పుడూ పనికిరాదని కాదు. ఐర్లండ్‌లో అభ్యర్థుల్లో 30 శాతం స్త్రీలు లేని పార్టీ తనకు వచ్చే ప్రభుత్వ నిధుల్లో సగం కోల్పోతుందన్న చట్టం వచ్చాక, దిగువ సభలో స్త్రీల వాటా 2011 నాటి 15 శాతం నుంచి 2016లో 22 శాతానికి పెరిగింది. నొప్పి తెలిసేంత కోత అయితే పని చేస్తుంది, కాగితాన్నే తిప్పి పంపే అధికారం ఉంటే అంతకంటే బాగా పని చేస్తుంది.

ఇక రాజ్యాంగంలోనే రాసుకున్నా చాలదనడానికి కెన్యాను చూడవచ్చు. ఎన్నికైన ఏ సభలోనూ ఒకే లింగానికి చెందినవారు మూడింట రెండు వంతులకు మించరాదని 2010 రాజ్యాంగం అన్నది గాని, అలా మించితే జాతీయ పార్లమెంటులో ఆ లోటును ఏ విధంగా భర్తీ చేయాలో చెప్పలేదు. ఆ పద్ధతిని చట్టంగా తేవడంలో పార్లమెంటు పదేపదే విఫలం కావడంతో, 2020 సెప్టెంబరులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి డేవిడ్ మరాగా పార్లమెంటును రద్దు చేయమని దేశాధ్యక్షుడికి సలహా ఇచ్చారు. పార్లమెంటు మాత్రం రద్దు కాలేదు. అమలు తేదీ విషయమూ ఇలాంటిదే. భారత్‌లో లోక్‌సభకు, రాష్ట్ర శాసనసభలకు మూడింట ఒక వంతు సీట్లు కేటాయించే 106వ రాజ్యాంగ సవరణ 2023లో వచ్చింది, కాని దాని అమలును ఆ తర్వాత జరిగే జనగణనకు, నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టారు. అందువల్ల 2024 ఎన్నికలు ఆ కేటాయింపు లేకుండానే జరిగాయి, 543 స్థానాల్లో 74 మంది స్త్రీలు గెలిచారు.

ప్రశ్న: నేను మహిళలకు కేటాయించిన స్థానం నుంచి స్థానిక సంస్థకు ఎన్నికయ్యాను. కోటాలో వచ్చినవాళ్లంతా ఇంట్లో మగవాళ్ల చేతిలో బొమ్మలేనని సమావేశాల్లో నా ఎదుటే అంటారు. నిజంగా అలాంటివారు ఉన్నారు కాబట్టి గట్టిగా ఖండించలేకపోతున్నాను. ఏమని జవాబు చెప్పాలి?
– ఒక స్థానిక సంస్థ సభ్యురాలు

జవాబు: అమ్మా, ఖండించవలసిన అవసరం లేదు, ప్రశ్నను అది నిజంగా తగలవలసిన చోటికి తిప్పితే చాలు. ఎన్నికైన ప్రతినిధి కుర్చీలో ఎన్నిక కాని మనిషి కూర్చుంటే చట్టాన్ని మీరినవాడు అతడు, అతణ్ణి కూర్చోనిచ్చిన అధికారి. తప్పు చేసినవాడిని వదిలేసి, కుర్చీ పోగొట్టుకున్న ఆమెను అసమర్థురాలనడం విచిత్రమైన న్యాయం.

ఇలాంటి తప్పుదారులు ఒక్క ప్రాంతానికే పరిమితం కాలేదు. బొలీవియాలో 1999 మున్సిపల్ ఎన్నికల్లో కోటా నింపామని చూపడానికి కొన్ని పార్టీలు మగ అభ్యర్థుల పేర్ల చివరి అక్షరం మార్చి వాటిని ఆడవాళ్ల పేర్లుగా రాశాయి. మెక్సికోలో 2009లో గెలిచిన కొందరు మహిళా సభ్యులు సభ మొదలైన వెంటనే సెలవు పెట్టి తప్పుకోగా, ప్రత్యామ్నాయ సభ్యులుగా నమోదైన పురుషులు ఆ స్థానాల్లోకి వచ్చి కూర్చున్నారు. ఈ బాగోతానికి విరుగుడు చాలా సాదాగా వచ్చింది. స్త్రీ అభ్యర్థికి ప్రత్యామ్నాయంగా స్త్రీనే నమోదు చేయాలని 2011లో ఎన్నికల ట్రైబ్యునల్ ఆదేశించింది. తర్వాత 2014లో అభ్యర్థిత్వాల్లో సగం వాటాను, 2019లో ప్రభుత్వ విభాగాలన్నింటిలో సగం వాటాను ఆ దేశం రాజ్యాంగంలో చేర్చుకుంది. 2021లో దిగువ సభకు 250 మంది స్త్రీలు, 250 మంది పురుషులు ఎన్నికయ్యారు. కోటా దుర్వినియోగమైన చోట దాన్ని ఎత్తివేయకుండా, కన్నం ఎక్కడుందో చూసి పూడ్చిన పద్ధతి ఇది.

నేపాల్ అనుభవం ఇంకా పూర్తి కాని పాఠం. స్థానిక సంస్థల అధిపతి, ఉపాధిపతి పదవులు రెండింటికీ అభ్యర్థులను నిలిపే పార్టీ ఆ ఇద్దరిలో ఒకరిని స్త్రీగా నిలపాలని అక్కడి చట్టం చెబుతుంది. 2017లో దాదాపు అన్ని పార్టీలూ స్త్రీలకు రెండో పదవినే ఇచ్చాయి. ఆ మాటకొస్తే 753 స్థానిక సంస్థల్లో అధిపతులైన స్త్రీలు ఇరవై మంది కూడా లేరు, ఉపాధిపతుల్లో మాత్రం పదింట తొమ్మిది మంది వారే. 2022లో పార్టీలు పొత్తులు పెట్టుకొని ఒక్కో పార్టీ ఒక్కో పదవికే పోటీ చేయడంతో, రెండింటికీ నిలిపితేనే వర్తించే ఆ నిబంధన చాలాచోట్ల వర్తించకుండా పోయింది, ఉపాధిపతులైన స్త్రీల సంఖ్య కూడా తగ్గింది.

మీ విషయానికి వస్తే, కేటాయించిన స్థానాలు ఎన్నిక ఎన్నికకూ మారే చోట్ల, మొదటి విడత పని నేర్చుకోవడంలో గడిచి, నేర్చుకున్నది వాడే రెండో విడతకు ఆ స్థానం సాధారణ స్థానమైపోతుంది, పార్టీ మళ్లీ మగవాడి వైపు చూస్తుంది. మీకు నా సలహా ఒకటే. అజెండా కాగితాలు, తీర్మానాల నకళ్లు, ఖర్చుల లెక్కలు మీ పేరుతో నేరుగా మీకే అందాలని లిఖితపూర్వకంగా కోరండి. చేతిలో కాగితం ఉన్న సభ్యురాలిని బొమ్మ అనడానికి ఎదుటివారికి అంత తేలికగా నోరు రాదు.

ప్రశ్న: ప్రతిభ ఉన్నవారు స్త్రీలైనా పురుషులైనా పైకి వస్తారు. కోటా పెట్టడం సమానత్వ సూత్రానికే విరుద్ధం కాదా?
– ఒక పాఠకుడు

జవాబు: పోటీ సమానంగా ఉన్న చోట మీ మాట ఒప్పుకొంటాను. ప్రపంచ పార్లమెంటుల్లో 70 శాతానికి పైగా పురుషులే ఉన్నారు. ప్రతిభ ఒక్కటే కొలమానమైతే, ఆ నిష్పత్తిలోనే ప్రతిభ కూడా పురుషుల దగ్గర పోగుపడిందని మీరు నిరూపించవలసి వస్తుంది. స్వీడన్ లాంటి చోట్ల చట్టం బలవంతం లేకుండానే పార్టీలు తమంతట తామే స్త్రీ, పురుషుడు ఒకరి తర్వాత ఒకరు వచ్చేలా జాబితాలు తయారుచేసుకున్నాయి, అది ఉత్తమమైన దారి. అయితే అన్ని పార్టీలకూ ఆ బుద్ధి పుట్టేదాకా ఓటర్లు ఎదురుచూస్తూ కూర్చోవాలని ఏ ఒడంబడికా చెప్పలేదు.

ప్రశ్న: నాకు పోటీ చేయాలని ఉంది. పార్టీలో పదేళ్లుగా పని చేస్తున్నాను. ఇంట్లోవాళ్లు భయపడేది ఓటమికి కాదు, సామాజిక మాధ్యమాల్లో వచ్చే బూతులకు, బెదిరింపులకు. ఈ అంతర్జాతీయ హామీల్లో దీని ఊసు ఉందా?
– ఒక పార్టీ కార్యకర్త

జవాబు: మీ ఇంట్లోవారి భయం ఊహ కాదు. అంతర్ పార్లమెంటరీ యూనియన్ 2016లో 39 దేశాల నుంచి 55 మంది మహిళా పార్లమెంటు సభ్యులతో మాట్లాడినప్పుడు, వారిలో 80 శాతానికి పైగా ఏదో ఒక రూపంలో మానసిక హింసకు గురయ్యామని చెప్పారు. చంపుతామనో, అత్యాచారం చేస్తామనో, కొడతామనో, ఎత్తుకుపోతామనో బెదిరింపులు వచ్చాయని చెప్పినవారు 44 శాతం. పదవిలో ఉండి, రక్షణ అందుబాటులో ఉన్నవారి పరిస్థితే ఇది.

ఈ విషయంలో ముందుగా ప్రత్యేక చట్టం చేసినది, ఇందాక పేర్లు మార్చిన కథలో కనిపించిన బొలీవియాయే. రాజీనామా చేయమన్న ఒత్తిడిని, వేధింపులను చాలాకాలం ఎదుర్కొన్న హువానా కిస్పే అనే కౌన్సిల్ సభ్యురాలు 2012 మార్చిలో హత్యకు గురయ్యారు. ఏళ్ల తరబడి ముసాయిదాగా నలుగుతున్న బిల్లు ఆ ఏడాది మే నెలలో చట్టమైంది. స్త్రీలపై రాజకీయ వేధింపును, రాజకీయ హింసను అది విడివిడిగా నిర్వచించి, వాటికి శిక్షలు పెట్టింది. బలవంతంగా రాయించుకున్న రాజీనామా కూడా ఆ నిర్వచనంలోకి వస్తుంది. ఒక ప్రాణం పోయాక గాని చట్టం కదలకపోవడం బాధాకరం, అయినా ఆ నిర్వచనం వల్ల ‘రాజకీయాలన్నాక ఇవన్నీ ఉంటాయి’ అని కొట్టిపారేసేవారికి చెప్పే జవాబు దొరికింది.

మీరు అడగని ఇంకో అడ్డంకి డబ్బు. పార్టీకి ఇచ్చే సాధారణ ప్రభుత్వ నిధుల్లో 3 శాతాన్ని స్త్రీల రాజకీయ నాయకత్వ శిక్షణకే వాడాలని మెక్సికో నిబంధన పెట్టింది. అభ్యర్థి ప్రచార కాలంలో పిల్లల సంరక్షణకు పెట్టిన ఖర్చులో అధిక భాగాన్ని తిరిగి ఇచ్చే ఏర్పాటు కెనడాలో ఉంది. మీ పార్టీ నాయకత్వంతో మాట్లాడేటప్పుడు అభ్యర్థిత్వం ఒక్కటే అడిగి ఊరుకోకండి. బెదిరింపు వస్తే పార్టీ తరఫున ఫిర్యాదు చేసేది ఎవరు, ప్రచార ఖర్చులో పార్టీ భరించేది ఎంత అన్న రెండు విషయాలను కూడా ముందే కాగితం మీద తేల్చుకోండి.

ప్రశ్న: మాది పదిహేను మంది సభ్యులున్న చిన్న మహిళా సంఘం. ఐక్యరాజ్య సమితి పత్రాలు మా లాంటివారికి ఎలా ఉపయోగపడతాయి? ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?
– ఒక మహిళా సంఘం కార్యదర్శి

జవాబు: రెండు చోట్ల పని ఉంది. మొదటిది సీడా కమిటీ వైపు. మీ దేశం నివేదిక ఎప్పుడు చర్చకు వస్తుందో ముందుగానే ప్రకటిస్తారు. ప్రభుత్వం పంపిన నివేదికతో పాటు స్వచ్ఛంద సంఘాలు పంపే ప్రత్యామ్నాయ నివేదికలను కూడా కమిటీ చదువుతుంది. మీ సంఘం ఒంటరిగా పెద్ద నివేదిక రాయనక్కరలేదు, ఇతర సంఘాలతో కలిసి రాజకీయ ప్రాతినిధ్యం మీద రెండు పేజీలు పక్కా లెక్కలతో ఇచ్చినా అది ప్రభుత్వాన్ని అడిగే ప్రశ్నగా మారవచ్చు. చర్చ ముగిశాక కమిటీ ఇచ్చే వ్యాఖ్యల్లో కొన్నింటిపై రెండేళ్లలోగా సమాచారం పంపమని కోరుతుంది. చాలామంది మరచిపోయేది ఈ రెండేళ్ల గడువునే. ఆ వ్యాఖ్యలను తెలుగులో ఒక పేజీగా రాసి, మీ ప్రాంత ప్రజాప్రతినిధులకు, విలేకరులకు అందజేసి, గడువు తేదీని గుర్తుచేస్తూ ఉండండి.

రెండోది, నా లెక్కలో ఎక్కువ ఫలితం ఇచ్చేది, పార్టీల వైపు చేయవలసిన పని. గత ఎన్నికల్లో ప్రతి పార్టీ ఎంతమంది స్త్రీలను నిలిపిందో ఎన్నికల సంఘం లెక్కల నుంచి తీయండి. అక్కడితో ఆపితే పార్టీలు ఇచ్చుకొనే ప్రకటనకూ మీ లెక్కకూ తేడా ఉండదు. స్త్రీలను నిలిపిన ఒక్కొక్క స్థానంలో అంతకు ముందు ఎన్నికలో ఆ పార్టీ గెలిచిందా, ఎంత తేడాతో ఓడిందో పక్కన ఇంకో గడిలో రాయండి. కోస్టా రికాలో జాబితా అడుగు భాగం చేసిన పనిని, ఒక్కో స్థానానికి ఒక్కరే గెలిచే పద్ధతిలో పార్టీకి ఆశ లేని నియోజకవర్గాలు చేస్తాయి. ఆ రెండో గడి నింపితే గాని అది బయటపడదు. ఆ పట్టికను పట్టుకొని, అభ్యర్థులను సూచించే కమిటీలో ఎంతమంది స్త్రీలున్నారో, కోటా గురించి పార్టీ నియమావళిలో ఏమి రాసుకున్నారో ప్రతి పార్టీనీ ఉత్తరం ద్వారా అడగండి, జవాబు ఇచ్చినవారి పేర్లూ ఇవ్వనివారి పేర్లూ ప్రకటించండి. ఈ పనంతా ఎన్నికల ప్రకటన రావడానికి కనీసం ఏడాది ముందు మొదలు కావాలి, ఎందుకంటే ఏ స్థానం ఎవరిదన్న మాటలు పార్టీల్లో అప్పటికే నడుస్తూ ఉంటాయి.